ఏడాదికో పగలు మూసే తలుపు

మా అత్తగారి ఉద్యోగం ఏడాదికి ఒక్క రోజే. ఆ ఒక్క రోజు గురించి మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ గొప్పలు చెప్పుకుంటారు.

మేముండేది నగరం నడిబొడ్డున, రెండు బజార్ల మధ్య ఇరుక్కున్న పాత రాతి ప్రాంగణంలో. నాలుగు వైపులా స్తంభాల వసారాలు, వాటి వెనక పదకొండు కాపురాలు, మధ్యలో నున్నటి గచ్చు. బయట హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తుంటే, లోపల పావురం రెక్క విదిలించినా వినిపిస్తుంది. ఈ బజారు నుంచి ఆ బజారుకి అడ్డదారి కాబట్టి ఊరంతా మా వసారాల్లోంచే నడుస్తుంది. నడవనీ, మా సొమ్మేం పోయింది? కానీ ఏడాదిలో ఒక్క పగలైనా తలుపులు మూయకపోతే ఆ దారి నగరపాలక సంస్థదైపోతుందని పాత ఒప్పందం. ఆ తర్వాత స్తంభాల మధ్య మోటారు సైకిళ్ళే. ఆ పగలు లోపలివాళ్ళూ వాళ్ళ చుట్టాలూ తప్ప ఇంకెవరు గడప దాటినా మూసినట్టు లెక్క కాదు.

ఏటా ఆ పగలు తలుపు మూసి కాపలా కాసేది అత్తగారే. ఈసారి ఆవిడ కాలు బెణికింది. తాళంచెవి నా చేతికొచ్చింది. "నీది వెన్నపూస మనసు, జాగ్రత్త" అని హెచ్చరించి, ఆవిడ మేడమీద కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నారు. అవతలి తలుపుకి అడ్డకర్ర వేసి, ఇవతలి తలుపుకి తాళం వేసి, దాని కమ్మీల సందులోంచి చూస్తూ కూర్చున్నాను.

బయట స్టూలు మీద, ఎవరు లోపలికెళ్ళినా రాసుకోవడానికి, రిజిస్టరుతో నగరపాలక సంస్థ గుమాస్తా. ఉద్యోగానికి కొత్త, నిలువెల్లా రూల్సు. పళ్ళబండి ఆవిడ నన్ను చూపించి "మేం అక్కచెల్లెళ్ళలాంటి వాళ్ళం" అంటే, "లాంటి అనే చుట్టరికం రూల్సులో లేదండీ" అని తిప్పి పంపేశాడు.

పదకొండు దాటాక అతను స్టూలు మీద అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. పన్నెండుకి లేచి నిలబడ్డాడు. ఒంటిగంటకి ఒంటికాలి మీదున్నాడు.

"మేడమ్, లోపల బాత్రూమ్..."

"బజారు చివర ఉందిగా?"

"తాళం వేశారండీ. ఇంకోటి అరగంట దూరం. ఈలోగా ఎవరైనా లోపలికొస్తే రాసేదెవరు?"

నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. తీస్తే మా దారి పోతుంది, తీయకపోతే అతని పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పైనుంచి అత్తగారు అందుకున్నారు. "ఏం నాయనా, నన్ను ఏమని పిలుస్తావ్?"

"ఆంటీ..."

"ఆంటీలు బస్సుల్లో ఉంటారు. వరస పెట్టి పిలువు."

అతను కళ్ళు మూసుకున్నాడు. "పిన్నీ! తలుపు తీయించు పిన్నీ!"

"తియ్యవే అమ్మాయ్. మా అక్క కొడుకు."

అత్తగారికి అసలు అక్కే లేదు. తీశాను. పరుగున వెళ్ళి, నెమ్మదిగా తిరిగొచ్చి, తన తప్పు తనే బుద్ధిగా రాసుకున్నాడు: లోపలికి వెళ్ళినవారు ఒకరు, గుమాస్తా, పిన్నిగారింటికి.

ఐదింటికి పై అధికారి వచ్చి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "మీ పిన్ని ఇక్కడుంటుందా? నిజంగా పిన్నేనా?"

గుమాస్తా మేడ కిటికీ వైపు చూశాడు. అధికారి కలం ఆ 'పిన్నిగారింటికి' అన్న మాట కొట్టేసిందా, మా వసారాలు రోడ్డైపోతాయి.

"ఒరేయ్!" మేడమీంచి గొంతు దిగింది. "పొద్దున్నుంచీ ఎండలో మాడుతున్నావ్, ఏమైనా తిన్నావురా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! ఆ కాలరు ఉతికి ఎన్నాళ్ళయింది? నీకు పిల్లనెవరిస్తార్రా?"

బజారంతా ఆగి చూసింది. గుమాస్తా తలొంచుకుని కాలరు తడుముకున్నాడు.

"పిన్నే, అనుమానం లేదు" అని అధికారి సంతకం పెట్టేశాడు.

పొద్దు వాలగానే తలుపులు బార్లా తెరిచాను. దారి మాకు మిగిలింది. జనం బిలబిలమంటూ వసారాల్లోకొచ్చారు. గుమాస్తా మాత్రం రిజిస్టరు చంకలో పెట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు.

"రావయ్యా, ఇప్పుడెవరైనా రావచ్చు" అన్నాను.

"ఎవరోలా అయితే రానండీ." కాసేపు నసిగాడు. "పిన్ని తిన్నావా అని అడిగింది కదా... తినలేదు, వదినా."

మా ఆయనకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ మాటతో నన్ను పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు. ఇంకో కంచం పెట్టాను.