గొట్టాలకు చుట్టిన గోనెలు

చలికి నీళ్లు గడ్డకడతాయట, గొట్టాలు పగిలిపోతాయట! ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన మిల్లు దొర భయం అది. రామచంద్రపురంలో గడ్డకట్టిన కాలువను ఎవరు చూశారు? అయినా బాయిలరుకు నీళ్లు తెచ్చే గొట్టాలన్నిటికీ గోనెలు చుట్టించాడు. పుష్యమాసపు మంచులో కూలి ఆడవాళ్లు మూల మడిచి నెత్తిన ముసుగు వేసుకునే గోనెలవి. వాళ్ల దగ్గర లాక్కుని మరీ చుట్టించాడు.

మర్నాడు పొద్దున్నే అచ్చాయమ్మ ఒక గొట్టం మీది గోనె విప్పి, చంకలోని చంటిబిడ్డకు కప్పింది.

గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. "ఏంటే ఆ పని? గొట్టం పగిలితే?"

"పగిలితే అతుకేయిస్తారు కదండి. నా బిడ్డ బిగుసుకుపోతే దేంతో అతుకుతారండి?"

అతను గోనె లాక్కోబోయాడు. అప్పటికే మిగతా ఆడవాళ్లు తలో గొట్టం దగ్గరా ముడులు విప్పుతున్నారు.