త్రిభుజం చుట్టూ నడక

ఆ నెల రెండవ శనివారం ఉదయం గ్రంథాలయపు వెనుక గదిలో హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు: పది గంటలకు ఇరవై నిమిషాల ముందే వచ్చి, తాళం వేసిన తలుపు ఎదుట నిటారుగా నిలబడిన నక్షాల తాతగారు, దూరం నుంచి ఆయనను చూడగానే నడక వేగం పెంచిన గ్రంథాలయాధికారిణి, ఒకే గొడుగు కోసం పోట్లాడుకుంటూ వచ్చిన బస్సు డ్రైవరుగారి కవలలు, ఏ కాగితం చేతికిచ్చినా దానిమీద ఏనుగునే గీసే కారణాన 'ఏనుగు' అని పేరు పడిన నర్సుగారి అబ్బాయి, ప్రతి మాటకూ 'ఎందుకు?' అని అడిగి ఆ ప్రశ్ననే తన పేరుగా మార్చుకున్న చిన్నపాప; అందరికన్నా చివర, ఏడు నిమిషాలు ఆలస్యంగా, మడమలకు సుద్దపొడి అంటించుకొని వచ్చిన దర్జీగారి అమ్మాయి. తాతగారు ఈ వరుసను ఇదే క్రమంలో హాజరుపట్టీకి ఎక్కించి, చివరి గడిలో 'ఆలస్యం' అని చేర్చారు.

ఆయన ముప్పై ఎనిమిదేళ్ళపాటు సర్వే కార్యాలయంలో నక్షాలు గీసినవారు. చివరి పన్నెండేళ్ళు ఇతరులు గీసినవాటిని సరిచూసినవారు. ఆయన ఎర్ర పెన్సిల్ తాకకుండా ఒక్క నక్షా ఆ కార్యాలయపు గడప దాటలేదు. ఆ పెన్సిల్ ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆయన చొక్కా జేబులోనే ఉండేది.

నిజానికి ఈ తరగతి ఆయనది కాదు, ఆయన కోడలిది. కంప్యూటర్ల మీదనే జీవనం గడిపే ఆ అమ్మాయి ప్రతి శనివారం ఐదుగురు పిల్లల చేత బొమ్మలు గీయిస్తూ, చిన్న చిన్న ఆటలు తయారుచేయిస్తూ ప్రోగ్రామింగ్ నేర్పేది. మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకొని, కాలికి కట్టుతో మంచం పట్టింది.

"మామయ్యగారూ, మూడు శనివారాలు మీరు వెళ్ళి కూర్చుంటే చాలు," అని బతిమాలింది. "మూడో శనివారం పైనుంచి పర్యవేక్షకురాలు వస్తారు. ఐదుగురు పిల్లలూ ఉండాలి, గీసిన బొమ్మ చూపించాలి. ఒక్కరు తగ్గినా ఆ గది పుస్తకాల బైండింగుకి ఇచ్చేస్తారట. పోయిందంటే మళ్ళీ దొరకదు."

"నేర్పవలసింది ఏమిటి?"

"ఏమీ వద్దండీ. వాళ్ళు గీస్తారు, మీరు చూడండి."

చూడటమంటే ఆయనకు తెలిసినది ఒక్కటే: సరిచూడటం.

పని కష్టమైనదేమీ కాదు. తెర మధ్య ఒక చిన్న తాబేలు ఉంటుంది. 'ముందుకు వంద' అంటే అది గీత గీస్తూ వంద అడుగులు నడుస్తుంది. 'కుడికి తొంభై' అంటే ఉన్నచోటనే ఆ మేరకు తిరుగుతుంది. ఈ రెండు మాటలతో పిల్లలు ముందు ఒక ఇల్లు గీయాలి, ఆపైన ఆ ఇంటికి దారి వెతుక్కుంటూ ఏనుగు పరుగెత్తే ఆట ఒకటి తయారుచేయాలి. మొదటి శనివారం గోడలకు చతురస్రం గీశారు. తొంభై డిగ్రీలు, నాలుగు మలుపులు; ఐదు తెరల మీదా ఐదు చతురస్రాలు చక్కగా కుదిరాయి. తాతగారు ఇంటికి వచ్చి, "ఈ కంప్యూటరు మా నక్షాల శాఖకు తమ్ముడి వరస" అని ప్రకటించి, భోజనం దగ్గర కూడా అదే మాట మరి రెండుసార్లు అన్నారు.

రెండవ శనివారం, ముందు వారమే పిల్లలకు చెప్పినట్టు, పైకప్పు వంతు. పైకప్పు అంటే త్రిభుజం.

"మూడు భుజాలూ సమానం. కాబట్టి కోణం అరవై డిగ్రీలు," అని తాతగారు బోర్డు మీద గీసి, కోణమాని పెట్టి కొలిచి చూపించారు. "ముందు కాగితం మీద రాయండి. నేను సరిచూసిన తరువాతే కంప్యూటరును తాకాలి."

"ఎందుకు?" అంది ఎందుకు.

"పద్ధతి అది."

నాలుగు కాగితాల మీద అరవై ఉంది. ఐదవ దాని మీద, దర్జీగారి అమ్మాయి గుండ్రటి చేతిరాతలో, నూట ఇరవై ఉంది. తాతగారి పెన్సిల్ దానిని ఒక్క వేటున కొట్టివేసి, పక్కన అరవై వేసింది.

"తాతగారూ, అది నూట ఇరవయ్యే. నేను నడిచి చూశాను," అంది ఆ పిల్ల.

"కోణాన్ని కొలుస్తారు తల్లీ, నడవరు."

"కాదండీ, మా కొట్లో సుద్దతో గీసి, దాని మీదే..."

"కోణమాని అబద్ధం చెప్పదు. ఇంకొక మాట మాట్లాడవద్దు."

కవలలిద్దరూ కిసుక్కుమన్నారు. ఆ పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది. అయినా చెప్పినట్టే కంప్యూటరులో అరవై అని కొట్టింది. మిగిలిన నలుగురూ కొట్టారు. ఐదు తాబేళ్ళూ మూడేసి గీతలు గీసి, బయలుదేరిన చోటికి చేరకుండానే, తెర మీద ఎక్కడో దిక్కుతోచనట్టు ఆగిపోయాయి. ఐదు ఇళ్ళ మీద ఐదు విరిగిన గొడుగులు వాలినట్టుంది.

"మా ఇంట్లోకి వానొస్తుంది," అన్నాడు ఏనుగు దిగాలుగా.

"యంత్రంలో లోపం," అన్నారు తాతగారు. "ఐదింటిలోనూ."

గ్రంథాలయాధికారిణికి ఆ మాటే రాతపూర్వకంగా ఇచ్చారు. ఆమె కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "ఈ సంగతి పైవాళ్ళ చెవిన పడితే గది సంగతి సరే, కంప్యూటర్లు కూడా పట్టుకుపోతారండీ" అంటూ దానిని సొరుగు అడుగున పెట్టేశారు. ఈలోగా దర్జీగారి అమ్మాయి సంచీ భుజాన వేసుకొంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "నేనింక రానండీ" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికి చేరి తాతగారు జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పారు. కోడలు దిండుకు ఆనుకొని విన్నది. నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కోవడం ఆయన గమనించలేదు గానీ, గుమ్మంలో నిలబడిన భార్య గమనించింది.

"మామయ్యగారూ, ఒక సాయం చేస్తారా? హాల్లో మూడు పీటలు త్రిభుజంలా వెయ్యండి. వేసి, వాటి వెంట నడవండి. మీరే తాబేలు."

"నేనా?"

"నడక కూడా అచ్చం అంతేగా, వెళ్ళండి," అంది భార్య.

ఆయన పీటలు కొలిచి వేశారు. మొదటి పీట నుంచి రెండవ పీటకు గీత గీసినట్టు తిన్నగా నడిచారు. అక్కడ ఆగి, ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం గల కంటితో సరిగ్గా అరవై డిగ్రీలు కుడికి తిరిగి, అడుగు ముందుకు వేశారు. నాలుగవ అడుగున చెప్పుల స్టాండుకు మోకాలు తగిలింది. మూడవ పీట ఆయన వీపు వెనుక ఎక్కడో ఉంది.

"అటెక్కడికండీ? బజారుకా?" అంది భార్య.

తాతగారు మోకాలు రుద్దుకున్నారు. మళ్ళీ రెండవ పీట దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. మూడవ పీట వైపు ముఖం పెట్టాలంటే దాదాపు వచ్చిన దారినే వెనక్కి వెళుతున్నంతగా తిరగవలసి వచ్చింది. అరవై డిగ్రీలు లేకపోలేదు. అవి ఆయన దాటి వచ్చిన గీతకూ, పోబోతున్న గీతకూ నడుమ లోపల ఉన్నాయి. కాళ్ళు తిరిగింది మాత్రం బయటివైపు మిగిలిన నూట ఇరవై. చతురస్రంలో లోపలా తొంభై, బయటా తొంభై కావడం వల్ల మొదటి వారం ఆయన పొరపాటు బయటపడలేదు.

"ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చుని గీశారు కదండీ," అంది కోడలు మంచం మీదినుంచే, మెత్తగా. "కూర్చున్నవాళ్ళకి గీతలు పైనుంచి కనిపిస్తాయి. తాబేలు గీత మీదే ఉంటుంది."

"నువ్వు ముందే చెప్పవచ్చు కదమ్మా."

"చెప్తే నమ్మేవారా?"

ఆయన రెండవ పీట మీదనే కూర్చుండిపోయారు. త్రిభుజం సంగతి అర్థమైంది. దానితోపాటు, నడిచి చూశానని ఒక పిల్ల చెప్పిన మాటను వినకుండానే కొట్టివేసిన సంగతి కూడా అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. యంత్రం మీదకు నెట్టిన లోపం ఎవరిదో, శనివారానికి ఐదవ కుర్చీ ఎందుకు ఖాళీ అవుతుందో ఆయనకు ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సోమవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొని, కాగితాల ఫైలు చంకన పెట్టుకొని, దర్జీగారి కొట్టుకు వెళ్ళారు. మెడలో టేపు వేలాడుతున్న దర్జీ కుట్టుమిషన్ ఆపకుండానే, "సార్, మీ ప్యాంటు ఇంకా అవలేదండీ. రేపు ఖాయం," అన్నాడు.

"ప్యాంటు కోసం రాలేదు. అమ్మాయితో పని ఉంది."

కత్తిరింపుల బల్ల కింద కూర్చుని రంగుల వారీగా గుండీలు వేరుచేస్తున్న పిల్ల తల బయటకు పెట్టింది, ఆయనను చూసి మళ్ళీ లోపలకు లాక్కుంది.

క్షమాపణ అనేది తాతగారికి అలవాటు లేని పని. కార్యాలయంలో తప్పు దిద్దడానికి మాత్రం ఒక పద్ధతి ఉండేది. ఆయన ఆ పద్ధతినే పట్టుకున్నారు. ఫైలులోంచి ఆ పిల్ల కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఎర్ర పెన్సిల్‌తో తాను వేసిన అరవైని తానే కొట్టివేశారు. నూట ఇరవై మళ్ళీ రాసి, పక్కన సంతకం చేసి, తేదీ వేశారు. వంగి, కాగితాన్ని బల్ల కిందికి అందించారు.

ఒక చిన్న చెయ్యి కాగితాన్ని లోపలకు లాక్కుంది.

"ఇంకో మాట మాట్లాడొద్దన్నారు కదా?" అంది బల్ల కిందినుంచి గొంతు.

"అన్నాను. అదీ తప్పే. దానిని కొట్టివేయడానికి కాగితంలో చోటు లేదు. అందుకని నోటితో చెబుతున్నాను."

"నడిచి చూశారా?"

"చూశాను. చెప్పుల స్టాండు తగిలింది."

పిల్ల పకపకా నవ్వింది. "నేను మిషన్‌ని గుద్దేశాను!"

"ఓహో, మొన్న నా దారపు కండెలన్నీ కింద పడింది అందుకా?" అన్నాడు దర్జీ. మిషన్ ఆగింది.

పిల్ల బయటకు వచ్చి తన లెక్క చెప్పింది. మొదట కిటికీ వైపు చూస్తూ నిలబడిందట. మూడు మలుపులూ తిరిగి వచ్చేసరికి మళ్ళీ కిటికీ వైపే చూస్తోందట. "అంటే మొత్తం ఒక చుట్టు తిరిగినట్టే కదండీ. చుట్టుకి మూడొందల అరవై. దాన్ని మూడు మలుపులకీ పంచాను." తాతగారు నిలబడే విన్నారు, మధ్యలో ఒక్క మాట అడ్డం వేయకుండా.

"మిగతావాళ్ళ కాగితాల్లోనూ అరవయ్యే ఉంది. వాటిని నువ్వు దిద్దాలి," అంటూ ఆయన పెన్సిల్ అందించారు.

ఆ పిల్ల తీసుకోలేదు. "ఎరుపు వద్దండీ. కేకలేసినట్టుంటుంది." నాన్న బల్ల మీది నీలం సుద్దముక్క జేబులో వేసుకొంది. "నేల మీద గీస్తాను. అందరూ నడుస్తారు. వాళ్ళవి వాళ్ళే దిద్దుకుంటారు."

మూడవ శనివారం పర్యవేక్షకురాలు వచ్చేటప్పటికి ఐదు కుర్చీలూ నిండి ఉన్నాయి. ఐదు తెరల మీదా ఐదు ఇళ్ళు కప్పులతో సహా నిలిచాయి. గది నడుమ నేల మీద నీలిరంగు త్రిభుజం ఒకటి పాదముద్రలతో సగం చెరిగిపోయి ఉంది. ఆమె వంగి ఒక తెర మీది వరుసలు చదివి, కనుబొమలు ముడిచారు.

"త్రిభుజం కదా? నూట ఇరవై ఎలా అవుతుంది? అరవై ఉండాలి."

పిల్లలందరి చూపూ తాతగారి మీదకు మళ్ళింది. జవాబు ఆయన నాలుక చివర ఉంది, వివరణ మూడు వాక్యాలలో సిద్ధంగా ఉంది. ఆయన పళ్ళు బిగబట్టి, చూపును దర్జీగారి అమ్మాయి మీదకు మళ్ళించి, చేతులు కట్టుకొన్నారు. నోరు మూసుకొని ఉండటం ఇంత శ్రమ అని ఆయనకు అంతవరకు తెలియదు.

"మేడమ్, చెప్పులు విప్పేసి ఒక్కసారి దీనిమీద నడుస్తారా?" అంది ఆ పిల్ల.

పర్యవేక్షకురాలు నడిచారు. మొదటి మలుపు దగ్గర అరవై తిరిగారు. తిన్నగా వెళ్ళి పాత పత్రికల బీరువా ఎదుట ఆగారు.

"ఎందుకు ఇంకా తిరగలేదు మేడమ్?" అంది ఎందుకు.

ముందు నవ్వింది ఆవిడే. ఆ తరువాత ఏనుగు తన ఆటను చూపించాడు. మీట నొక్కితే తెర మీది ఏనుగు కదులుతుంది, తప్పు మలుపు తిరిగితే గుంటలో పడుతుంది. ఆమె మూడుసార్లు ఆడి, రెండుసార్లు గుంటలో పడ్డారు. మూడవసారి ఏనుగు కప్పున్న ఇంటికి చేరినప్పుడు కవలలు గట్టిగా చప్పట్లు కొట్టారు. గది సంగతి ఉత్తరంలో తెలియజేస్తామని చెప్పి ఆమె వెళ్ళారు. ఉత్తరం మంగళవారం వచ్చింది: గది మరొక సంవత్సరం తరగతికే ఉంటుంది; గోడలకు మేకులు కొట్టరాదు.

ఆ ఉత్తరాన్ని హాజరుపట్టీలో అంటించి, దాని కింద తాతగారు సిరాతో ఇలా రాశారు:

'ఈ నెల రెండవ శనివారమునాడు, త్రిభుజమునకు మలుపు నూట ఇరవై డిగ్రీలని ఈ తరగతిలో మొట్టమొదట కనుగొన్నది దర్జీగారి అమ్మాయి. ఆమె స్వయముగా నడిచి తెలుసుకొనిన దానిని ఈ దిగువ సంతకము చేసినవారు పొరపాటున కొట్టివేసిరి. తరువాత ఆమె తిరిగివచ్చి మిగిలినవారందరికిని అదే మార్గమున నేర్పినది. గది నిలిచినది ఆమె వలననే. ఇందులకు తరగతి పక్షమున ఆమెకు కృతజ్ఞతలు నమోదు చేయడమైనది. ఆనాటి హాజరులో ఆమె పేరున వ్రాసిన "ఆలస్యం" అను మాట ఇందుమూలముగా రద్దు చేయడమైనది.'