కూర్చోకుండా కొనేవాడు

మా ఆయనకు ఊంజలు అమ్మడం చేతకాదు. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను, ఇప్పుడూ అంటాను. పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, జనార్దనం గారంటే మా వీధిలో అందరికీ గౌరవమే. కానీ ఒక టేకు చెక్కను ఇత్తడి గొలుసులతో సహా ఒకరికి అప్పగించమంటే మాత్రం నా తల ప్రాణం తోకకు తెచ్చాడు. మీరు ఉయ్యాల బల్ల అంటారేమో, మద్రాసులో పుట్టి పెరిగిన మాకు అది ఊంజలే.

అమ్మక తప్పని పరిస్థితి. మేం అద్దెకుంటున్న పాత మిద్దెను పడగొట్టి ఫ్లాట్లు కడతామని ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. పక్క వీధిలోనే మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. ఈ ఊళ్లో అద్దె ఇల్లంటే తెలుసు కదా, పది నెలల అద్దె ముందే అడ్వాన్సుగా కట్టాలి. ఆ డబ్బంతా కూడబెట్టి మా ఆయన బ్యాంకు ఖాతాలో ఉంచాం, శుక్రవారం కొత్త ఓనరుకు ఇవ్వాలి. అది పోతే మాకు తల దాచుకునే చోటు లేదు. పైకప్పుకు కొక్కేలు కొట్టనివ్వనని ఆ కొత్త ఓనరు ముందే తేల్చి చెప్పాడు. కాబట్టి పెళ్లైన కొత్తలో ఈయన వడ్రంగి పక్కన కూర్చుని మరీ చేయించుకున్న ఊంజలుకు మరో ఇల్లు వెతకాల్సి వచ్చింది. నేనే ఫొటో తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టాను.

ఈయన ఒక షరతు పెట్టాడు. కొనేవాళ్లు మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చి దాని మీద కూర్చుని చూడాలట. మొదట వచ్చినాయన చెక్కను కొట్లో బల్లగా వేసుకుంటానన్నాడు, ఇవ్వనన్నాడు ఈయన. రెండో ఆయన గొలుసుల్ని చేత్తో బరువు చూశాడు. ఇత్తడి కావాలంటే పాత్రల అంగడికి పొమ్మని పంపేశాడు ఈయన. నాకు ఒళ్లు మండింది.

"ఊంజలు అమ్మతా ఉండారా, ఊంజలుకు సంబంధం చూస్తా ఉండారా?" అన్నాను.

"సంబంధమే అనుకో," అన్నాడు నింపాదిగా. ఆ నింపాది చూస్తేనే నాకు ఇంకా మండుతుంది.

ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన రోజు దగ్గర పడుతోంది, సామాన్లు సర్దేది నేను, ఈయన చూస్తే ఇలా. ఆ సమయంలో వచ్చింది ఫోను. మిలిటరీ ఆఫీసరునన్నాడు, చెన్నైకి బదిలీ అయిందన్నాడు. యూనిఫాంలో ఫొటో కూడా పంపాడు. వచ్చీరాని తెలుగులో మాట్లాడుతూ, మాటకోసారి నన్ను మాజీ మాజీ అన్నాడు, హిందీలో అమ్మా అని. ధరలో ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. తాను రాలేడట, మనుషుల్ని పంపించి బండిలో తెప్పించుకుంటాడట, డబ్బు మాత్రం ఇప్పుడే పంపేస్తానన్నాడు. ఎంత పెద్దింటి మనిషో అని నేను మురిసిపోయాను. బేరమాడని మనిషిని చూసి మురిసిపోకూడదని అప్పుడు తెలియదు.

బ్యాంకు యాప్ ఉన్నది మా ఆయన ఫోనులో. అది తీసుకుని కూర్చున్నాను. నా ఫోనుకు వాడు ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. దాన్ని మా ఆయన ఫోనుతో స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మా ఖాతాలో పడుతుందట, మిలిటరీ ఖాతాల పద్ధతే అంతట. లైను పెట్టెయ్యొద్దు మాజీ, నేను పక్కనుండి చేయిస్తాను అన్నాడు. సరేనని స్కాన్ చేశాను. తెర మీద ఏదో అంకె కనిపించింది, పిన్ అడిగింది. మా ఆయన పిన్ నాకు కంఠతా వచ్చు.

ఈయన ఊంజలు మీద కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని, నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతున్నాడు. ఆ రోజు పితికిపప్పు కూర చెయ్యమని నన్ను పొద్దుటి నుంచీ పోరుతున్నాడు.

"వాళ్లు కూర్చునేదానికి ఎప్పుడొస్తారంట?" అని అడిగాడు.

రారని చెప్పాను. భార్యైనా రాదా అన్నాడు. ఆమె కూడా రాదు, మీ షరతులు మీ దగ్గరే పెట్టుకోండి అని కసిరి, పిన్‌లో మొదటి అంకె కొట్టాను.

"స్పీకర్లో పెట్టు. నేను ఒక తూరి మాట్లాడతా," అన్నాడు.

ఈయనొకడు అని విసుక్కుంటూ పెట్టాను. ఫ్యాక్టరీలో ఉత్తరాది వాళ్లతో కలిసి పనిచేసి నేర్చుకున్న హిందీలో మొదలుపెట్టాడు మా ఆయన. మీ ఇంటి పైకప్పుకు దూలాలున్నాయా, కొక్కేలు ఉన్నాయా అని అడిగాడు. అన్నీ ఉన్నాయి, ముందు పిన్ కొట్టండి అన్నాడు వాడు. మీ ఆవిడ కాళ్లు ముడుచుకుని కూర్చుంటుందా, కిందికి వేలాడేసి కూర్చుంటుందా, కాళ్లు నేలకు అందాలి కదా, దాన్నిబట్టి గొలుసు సరిచేయించాలి అని అడిగాడు. ముందు పిన్ కొట్టండి అన్నాడు వాడు. బల్ల వెడల్పు ఎంతో మీకు తెలియనక్కర్లేదా అన్నాడు ఈయన. ఇక వాడి గొంతు మారిపోయింది. మాజీ పోయి కసురు వచ్చింది, ఆలస్యం చేస్తే మా మీద కంప్లైంటు ఇస్తానన్నాడు.

మా ఆయన చేతిలోని గింజలు గిన్నెలో వేశాడు.

"అలమేలూ, ఊంజలు కొనేవాడికి ఊంజలు మాటే వొద్దంట. వాడికి కావాల్సింది వేరే ఏందో ఉంది. ఫోను ఆడ పెట్టు."

లైను కట్ చేసి, రెండు ఫోన్లూ పక్కన పెట్టేశాను. నా వేలు ఇంకా గాలిలోనే ఉంది. ఈయన చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తెర మీదున్నది చదివాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేరు, చెల్లించాల్సిన మొత్తం అని పక్కనే అంకె. అది ఊంజలు ధర కాదు. దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, మేం అడ్వాన్సు కోసం దాచుకున్నదాంట్లో చాలావరకు పోయేది. తొందరలో నేను చూసింది అంకెను, చదవలేదు. వచ్చే డబ్బు కాదది, పోయే డబ్బు.

"డబ్బు వచ్చేదానికి పిన్ ఎందుకే? మనింటికి వచ్చే చుట్టం తలుపు తడతాడు గానీ, బీరువా తాళం ఇమ్మని అడుగుతాడా?" అన్నాడు మెల్లగా.

అక్కడే నేల మీద కూలబడ్డాను. ఈయన తిట్టలేదు. ఆ నంబరును బ్లాక్ చేసి, సైబర్ మోసాల మీద ఫిర్యాదుల కోసం ఉన్న 1930కి ఫోన్ చేసి జరిగింది చెప్పి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకొచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. ఆ కాఫీ తాగుతుంటే ఏడుపొచ్చింది.

శుక్రవారం అడ్వాన్సు కట్టేశాం. ఆ సాయంత్రమే యాప్‌లో నా ప్రకటన మార్చి రాశాను. దంపతులిద్దరూ ఇంటికి వచ్చి కూర్చుని చూడాలి, డబ్బు మా ఎదుటే ఇవ్వాలి, కోడ్‌లు పంపేవాళ్లు ఫోన్ చెయ్యొద్దు అని. అది చదివి మా ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆదివారం వచ్చారు కళ్యాణ్, హైందవి. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న కొత్త జంట. మైలాపూరులో పాత ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకున్నారట, దూలాలకు కొక్కేలున్నాయట. కళ్యాణ్ వచ్చీ రాగానే బేరం మొదలుపెట్టాడు, గొలుసులు కిర్రుమంటాయా, ఏ నూనె వెయ్యాలి అని అడిగాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ కూర్చుని ఊగి చూశారు.

అయినా ఆ పిల్ల డబ్బు ఇచ్చే మాట ఎత్తడం లేదు. కాసేపటికి మొహమాటంగా బయటపెట్టింది. ఫొటో చూసి ఒక ఫ్రిజ్‌కు ముందే డబ్బు పంపారట, ఫ్రిజ్ లేదు, అమ్మినవాడూ లేడట.

"ఏమనుకోకండి ఆంటీ. మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నరు. ఇది ఓనర్‌ది కాదు, మీదే అని మాకెట్ల తెలుస్తది? మీరిద్దరు రోజు కూసున్నట్టె ఒక్కసారి కూసోండి, చూస్తం."

అడిగిన తీరుకు కోపం రావాలి, రాలేదు. ఈయన వెళ్లి కూర్చున్నాడు. నేను పక్కన చేరాను. అలా కూర్చుని ఎన్నాళ్లయిందో చెప్పలేను. పొయ్యి దగ్గరి పని, పిల్లల పని, నాకు తీరికెక్కడ? దాటిపోతూ ఈయన కాళ్లు అడ్డమని విసుక్కోవడమే తప్ప కూర్చున్నది లేదు.

మేం లేవగానే హైందవి వంగి చెక్కను చేత్తో తడిమింది.

"అంకుల్ కూసున్న దిక్కు పాలిష్ మొత్తం పోయింది. ఆంటీ దిక్కు కొత్తదాని లెక్కనే ఉన్నది," అని నవ్వింది. "మీదే."

నేనూ చూశాను. ఎడమ వైపు చెక్క అరిగి నున్నగా తేలింది. కుడి వైపు వడ్రంగి వేసిన మెరుపు అలాగే ఉంది. ఇంత బల్ల మీద ఒక్కడే కూర్చునే మనిషి నడిమధ్యన కదా కూర్చోవాలి. ఈయన ఏ రోజూ మధ్యలో కూర్చోలేదు. నాకు చోటు వదిలిపెట్టి, ఇన్నేళ్లూ పక్కకు జరిగే కూర్చున్నాడు.

కళ్యాణ్ డబ్బు పంపాడు. మమ్మల్ని ఏ పిన్నూ అడగకుండానే బ్యాంకు మెసేజ్ వచ్చింది, అయినా ఖాతా తెరిచి రెండుసార్లు చూసుకున్నాను. గొలుసులు విప్పడానికి అతను స్టూలు ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇప్పుడొద్దు నాయనా. సాయంత్రం వచ్చి తీసుకుపోండి," అన్నాను. "అందాకా మేం కూర్చుంటాం."