కెమెరాకు కట్టిన దారం

శంషాబాద్‌లోని ఒక దవాఖానలో ఆపరేషన్ సామాన్లను శుద్ధి చేసే గదికి సంతోషి టెక్నీషియన్. కత్తెరలూ చిమ్టాలూ అయితే ఆవిరి పెట్టెలో పడేసి వేడితో శుద్ధి చేయవచ్చు. పొట్టలోకి పంపి చూసే కెమెరా ఆ వేడికి పాడైపోతుంది. దానికోసం వేరే పెట్టె ఉంది. అందులో వేడి తక్కువ. పెరాక్సైడ్ మందు పొగలా మారి సందుసందుకూ పాకి క్రిములను చంపుతుంది. కాకపోతే ఆ పెట్టెకు పట్టింపులెక్కువ. లోపల కాస్త తడి ఉన్నా, నూలు పోగు ఉన్నా మధ్యలోనే పని ఆపేసి కీచుమని అరుస్తుంది.

దసరా మర్నాడు పొద్దున్నే అరిచింది.

సంతోషి గడియారం చూసింది. రెండో కెమెరా రిపేరుకు పోయింది. ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడిపే ఇబ్రహీంకు పిత్తాశయంలో రాళ్లు. ఆయన ఆపరేషన్ ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. మధ్యాహ్నంలోగా కెమెరా రాకపోతే మళ్లీ వచ్చే వారమేనని డాక్టర్ జగదీశ్ తేల్చేశాడు. ఇవాళ పక్కా అని ఇబ్రహీంకు మాటిచ్చింది సంతోషే.

పెట్టె తెరిచి ట్రే మూట విప్పింది. కెమెరా తీగకు ఎర్రటి పచ్చటి నూలు దారం, దాని మీద కుంకుమ. నిన్నటి పూజ దారం కడిగేటప్పుడు తన కంటపడలేదు కాబోలని తననే తిట్టుకుంది. దారం చెత్తబుట్టలో వేసి, కెమెరాను మళ్లీ కడిగి, ఆరబెట్టి ట్రేలో సర్దింది. చుట్టే పని ఆయా భాగ్యమ్మకు వదిలి, ఆలస్యమవుతుందని చెప్పడానికి థియేటర్‌కు పరుగెత్తింది.

పెట్టె రెండోసారీ అరిచింది. పైన విమానాలు ఒకదాని వెనక ఒకటి సజావుగా దిగుతున్నాయి. కింద ఈ పెట్టె మాత్రం గడప దాటనంటోంది. మూట విప్పితే మళ్లీ దారం. ఈసారి మూడు ముళ్లు.

"అక్కా, ఇది నువ్వే కట్టినవా?"

"నేను గాకపోతే ఎవరు కడ్తరు బిడ్డా? నిన్న కత్తెరల కాడికెల్లి అన్నిటికీ పూజైంది. గీ కెమెరా ఒక్కటే ఆపరేషన్‌ల ఉండె. అలిగింది. అందుకే పని కానిస్తలేదు."

"కట్టినంకనే గదా ఆగింది."

"పొద్దుగాల ఒక్క ముడే ఏసిన. సరిపోలే అనుకున్న."

సంతోషి తాను చదువుకున్నదంతా వరుసగా చెప్పుకొచ్చింది. భాగ్యమ్మ మాస్కు వెనక ఆవులించింది. ఇగ లాభం లేదని సంతోషి దారి మార్చింది.

"అక్కా, లోపల పొగ అందరికీ పంచాలె. దావత్‌ల ఒక్కడే కూసొని బోటి కూర గిన్నె మొత్తం ఊడ్చిండనుకో, మిగిలినోళ్లకు ఏముంటది? గీ నూలు గట్లనే పొగంతా తాగేస్తది."

భాగ్యమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అంటే అచ్చం మా మరిది శంకరయ్యనే."

ఆ మరిదితో ఆమెకు ఏళ్లుగా మాటల్లేవు. దారాన్ని అసహ్యంగా చూసి, తన చేత్తోనే ముళ్లు విప్పేసింది.

కానీ కెమెరా అలుక సంగతేంటని అడిగింది. సంతోషి కెమెరాను మళ్లీ కడగడం మొదలుపెట్టింది. కడుగుతున్నంతసేపూ భాగ్యమ్మే దాన్ని బుజ్జగించింది. వచ్చే దసరాకు మొదటి బొట్టు నీకే అంది, పని చేసే బిడ్డవు పంతం పట్టొద్దంది. సంతోషి డిగ్రీ చదివిన మనిషే అయినా ఆపలేదు. మాటల్లో నూలు ఉండదు కదా.

తడి లేకుండా ఆరబెట్టి, ఈసారి తన కళ్ల ముందే చుట్టించి లోపల పెట్టింది. ఇద్దరూ పెట్టె ముందే నిలబడ్డారు. అది గొణిగింది, బుసకొట్టింది, ఆగినట్టే ఆగి మళ్లీ నడిచింది. ఆఖరికి పచ్చ దీపం వెలిగింది.

ట్రే పట్టుకుని సంతోషి థియేటర్ దగ్గరికి వెళ్లేసరికి ఇబ్రహీం స్ట్రెచర్ మీద పడుకుని తలుపు వైపే చూస్తున్నాడు. ఇంతసేపు ఏమైందని అడిగాడు.

"కెమెరా అలిగిందన్నా. మా భాగ్యమ్మక్క బుజ్జగించింది."

ఇబ్రహీం తల ఎత్తి ట్రే వైపు చూశాడు.

"రాత్రి సంది మంచినీళ్లు గూడ లెవ్వు, నేనే అలగలేదమ్మా. దానికేం పరేషాన్ వచ్చింది?"

ఆ మాట మీదే స్ట్రెచర్ లోపలికి కదిలింది.