లక్ష్మీపతి బ్లాగులో నా పేరు

మేక పేరు రాశాడు. మా గురువు గంగులప్ప ఇంటి వెనక కట్టేసిన మేక గురించి, దానికి మేం పెట్టుకున్న ముద్దుపేరుతో సహా రాశాడు. నా పేరు మాత్రం రాయలేదు.

ముందు నేనెవరో చెప్తాను, లేకపోతే మీకూ తెలియదు. నా పేరు మునిచంద్ర. పుంగనూరులో బోర్డులు రాస్తాను, గోడలు రాస్తాను. మదనపల్లె దాకా రోడ్డు పక్క గోడల మీద సిమెంటు పేర్లు, పురుగుమందుల పేర్లు చాలామటుకు నా చేతివే. లక్ష్మీపతి నాతోపాటే గంగులప్ప దగ్గర పని నేర్చుకున్నాడు. ఒకే డబ్బాలో కుంచెలు కడుక్కున్నాం, ఒకే పళ్లెంలో సంగటి తిన్నాం. తొంభై నాలుగులో వాడికి మద్రాసులో బొమ్మల కాలేజీలో సీటు వచ్చింది. అక్కడి నుంచి జర్మనీ వెళ్లాడు. నేను గోడల దగ్గరే ఉండిపోయాను.

వీడికి కుళ్లు అనుకుంటున్నారు కదా? అవును, కుళ్లే. దాచడమెందుకు?

రెండువేల ఏడు ఆగస్టులో మదనపల్లె బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటరు అద్దం మీద పేరు రాయడానికి వెళ్లాను. అప్పటికే ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాయి. ఆ అద్దం పని దొరకడమే గొప్ప. సెంటరు నడిపే అమ్మాయి అశ్విని. నేను అక్షరాలకు గీతలు గీసుకుంటుంటే లోపలి నుంచి పిలిచింది.

"అన్నా, నీది పుంగనూరే గదా? మీ ఊరాయన లక్ష్మీపతి అని జర్మనీలో ఉండాడంట. బ్లాగు పెట్టుండాడు, సూడు."

"బ్లాగంటే ఏందిమ్మా?"

"సొంత పత్రిక మాదిరి అన్నా. ఆయప్పే బొమ్మలేసి, ఆయప్పే కతలు రాసి ఆడ పెడతాడు. లోకమంతా సదువుతారు."

లోకమంతా అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. అయినా కుంచె కిందపెట్టి వెళ్లి చూశాను. పైన 'పుంగనూరు రంగులు' అని పేరు. కింద బొమ్మలు, బొమ్మల కింద కథలు. గంగులప్ప బీడీ కాల్చే తీరు, ఆయన భార్య మునెమ్మ మమ్మల్ని తిట్టిన తిట్లు, టీ అంగడి చిన్నప్ప, ఆ మేక. అన్నీ నేను పక్కన నిలబడి చూసినవే. ఒక్కో దాని కింద ఇరవై మంది, ముప్పై మంది మెచ్చుకోళ్లు. హైదరాబాదు వాళ్లు, అమెరికా వాళ్లు. 'మీ బాల్యం ఎంత అందమైనదండీ!' అని ఒకావిడ. అందులో సగం బాల్యం నాదమ్మా, వాడొక్కడిదే కాదు!

ఏడు కథలున్నాయి ఆ పేజీలో. ఏడూ వెతికాను. ఎక్కడా నేను లేను.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి మదనపల్లె వెళ్లడం మొదలుపెట్టాను. నాకు కంప్యూటరు తెలియదు, గోడ తెలుసు. గోడ మీద కొత్త ప్రకటన రాయాలంటే పాతదాని మీద సున్నం కొడతాం. పాతది పోతుంది, అంతే. ఈ పేజీలోనూ పైన కొత్తది చేరితే అడుగున ఒకటి మాయమయ్యేది. అంటే చెరిపేశాడని అనుకున్నాను. చెరిగిపోయే లోపలే చదవాలని ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పైగా ఒక నోటుపుస్తకం కొని అన్నీ చేత్తో ఎక్కించుకున్నాను. వాడంటే కడుపుమంట, వాడి రాతలు పోతాయంటే దిగులు! ఏం మనిషినో నేను.

"యాల రాసుకుంటాండావన్నా?" అని అశ్విని అడిగితే, "ఊరికేమ్మా" అన్నాను.

ఒకరోజు వాడు భారతం గురించి రాశాడు. మా పక్క ఊళ్లలో భారతం పద్దెనిమిది రోజులు జరుగుతుంది. చివరి రోజు కోసం ఊరిబయట మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతాం. బస్సంత పొడుగుంటాడు. పొద్దున వేషగాళ్లు ఆ మట్టి మీదే ఎగిరెగిరి యుద్ధం చేస్తారు, భీముడు తొడ పగలగొడతాడు. అయిపోగానే జనం ఎగబడి ఆ మట్టిని పిడికెళ్లతో ఇళ్లకు ఎత్తుకుపోతారు, గాదెలో వేసుకుంటే మంచిదని. పది గంటలకల్లా అక్కడ ఏమీ మిగలదు. చేసినవాడి పేరు ఎవరూ అడగరు.

ఆ మట్టి దుర్యోధనుడి మీసాలకు బొగ్గు పూసేవాళ్లమని రాశాడు లక్ష్మీపతి. బొగ్గట! నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే పద్ధతి ఒకటి ఉంటే, అశ్విని దగ్గర నేర్చుకుని గంటసేపు ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. నా పేరు పెట్టడానికి అభిమానం అడ్డొచ్చింది. వాడు రాయని పేరు నేనెందుకు రాసుకోవాలి? 'పాపన్న, కుప్పం' అని పెట్టాను.

'బొగ్గు కాదు నాయనా. మట్టి ఎండగానే బొగ్గు రాలిపోతుంది. సైకిల్ ట్యూబు కాల్చి ఆ మసి నూనెలో కలిపి పూసేది. తెలియకపోతే రాయకూడదు.'

మరుసటి ఆదివారం చూస్తే వాడు జవాబిచ్చాడు. 'పాపన్నగారూ, నిజమే, మరిచిపోయాను. మీరు రావడం నా అదృష్టం. ఇంకా చెప్పండి.'

ఇంకా చెప్పాలట. చెప్పాను. నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. రామకుప్పం పక్క ఒక ఊళ్లో మేం దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడితే, తెల్లారేలోపల అడవి ఏనుగులొచ్చి భీముడి కంటే ముందే తొక్కిపోయాయని రాశాను. వాడు దాన్ని బొమ్మగా వేసేశాడు! మట్టి దుర్యోధనుడి ఛాతీ మీద ఏనుగులు, దూరంగా గద పట్టుకుని నోరు తెరిచిన భీమవేషగాడు. అరవై రెండు మెచ్చుకోళ్లు వచ్చాయి. పైన 'పాపన్నగారికి' అని అంకితం.

నవ్వకండి. ఆ రోజు నాకు పాపన్న మీద కూడా కుళ్లు పుట్టింది. లేని మనిషికి అంకితమిచ్చాడు. ఉన్నవాణ్ణి నన్ను మరిచిపోయాడు.

నవంబరులో ఆ ఫొటో పెట్టాడు. తొంభై నాలుగులో మేమిద్దరం కలిసి చేసిన దుర్యోధనుడి మొహం, స్టూడియో అతను వచ్చి తీసిన ఫొటో. ఆ మొహం నేను చేశాను. లక్ష్మీపతి కాళ్లూ చేతులూ చేశాడు. నేను కళ్లు దిద్దుతుంటే ఊరి ఆడవాళ్లు దగ్గరికి రావడానికి భయపడ్డారు. నా జన్మలో నేను చేసిన పని అదొక్కటి. మిగతాదంతా సిమెంటు, పురుగుమందు. ఫొటో కింద వాడు రాసింది ఒక్క ముక్క: 'ఆ ఏడాది మేం చేసిన దుర్యోధనుడు.'

మేం అట, మేం! మేకకు పేరుంది, నాకు లేదా?

వెంటనే కొట్టాను. 'ఈ మొగం నువ్వు చేసింది కాదు. పుంగనూరు మునిచంద్ర చేశాడు. ఇంకొకరి మొగం చూపించి పైకొచ్చిన దొంగవి నువ్వు. ఇట్లు, పాపన్న, కుప్పం.' పైకి రావడం మాట నేను కసికొద్దీ అన్నాను. నాకేం తెలుసు?

జనం ఎగబడ్డారు. 'నిజమేనా?' అని ఒకడు, 'ఇలాంటి దొంగ కళాకారులు చాలామంది' అని ఇంకొకడు. మొన్నటిదాకా వాడి బాల్యానికి మురిసిపోయిన ఆవిడ కూడా ఛీ అంది. ఆ ఆదివారం నేను రెండు కాఫీలు తెప్పించుకుని తాగాను. అంత బాగున్న కాఫీ ఎప్పుడూ తాగలేదు.

వాడు ఎవరికీ జవాబివ్వలేదు. రెండు వారాలు పోయాక పేజీ పైన ఒకే వాక్యం ఉంది: 'ఈ బ్లాగు ఇంతటితో ఆపేస్తున్నాను.'

గెలిచినట్టే కదా? కానీ ఇంక ఆదివారాలు నేనెక్కడికి పోవాలి?

"అయిపాయెమ్మా," అన్నాను అశ్వినితో. "మొదుట్లో ఏం రాసినాడో సూడనే లేదు. నేనొచ్చేతలికే అయ్యన్నీ తుడిసేసుండాడు."

"తుడిసేదేందన్నా? అన్నీ ఈడే ఉండాయి." ఆ పిల్ల పేజీ అడుగుకు వెళ్లి ఎక్కడో నొక్కింది. పాతవన్నీ వరసగా వచ్చాయి. నేను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నవి, నేను ఎప్పుడూ చూడనివి, అన్నీ. "ఇంగా కిందికి పోతే మొట్టమొదుటిది కూడా ఉంటాది. ఇదో, ఫిబ్రవరిలో."

దాని పేరు 'మునిచంద్ర'.

'ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక దొంగతనం ఒప్పుకోవాలి. తొంభై నాలుగు భారతంలో దుర్యోధనుడి మొహం మునిచంద్ర చేశాడు. మద్రాసు కాలేజీకి దరఖాస్తుతో పాటు నేను ఆ మొహం ఫొటో పంపాను. కింద నా పేరు రాశాను. సీటు ఆ ఫొటోకే వచ్చింది. ఇన్నేళ్లూ అతనికి చెప్పే ధైర్యం లేకపోయింది. ఎన్నో ఉత్తరాలు రాసి చింపేశాను. ఈ బ్లాగు పెట్టింది అందుకే. అతను ఇక్కడికొచ్చి ఒక్క మాట, తిట్టయినా సరే, అనేదాకా నా రాతల్లో అతని పేరు వాడుకోను. ఒకసారి వాడుకున్నది చాలు. పుంగనూరు వాళ్లెవరైనా ఇది చదివితే దయచేసి అతనికి చెప్పండి.'

కింద ఒక్క మెచ్చుకోలూ లేదు. ఒక్క తిట్టూ లేదు. అప్పటికి వాడి బ్లాగు ఎవరూ చూసినట్టు లేరు.

"దొంగనాకొడుకు!" అని గట్టిగా అరిచాను. పక్కన రిజల్టు చూసుకుంటున్న పిల్లలు ఉలిక్కిపడ్డారు. మద్రాసు, జర్మనీ, అంతా నా మొహం మీద నడిచి వెళ్లాడు! ఒక నిమిషం వాణ్ణి చంపేయాలనిపించింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, నేను వాణ్ణి దొంగా అన్నది వాడు ఇది ఒప్పుకున్న తొమ్మిది నెలలకు, అదీ ఇంకొకడి పేరుతో, నలుగురిలో. తల ఎత్తలేకపోయాను. అశ్విని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

అక్కడే, ఆ మొదటి రాత కిందే కొట్టాను. 'ఒరే, నేను మునిచంద్రని. పాపన్నా నేనే. ఇది ఈరోజే చదివాను.' నా సెల్ నంబరు ఇచ్చాను.

మూడో రోజు కురబలకోటలో ఒక గోడ రాస్తుంటే ఫోన్ మోగింది. నిచ్చెన మీదే ఎత్తాను.

"మునీ," అన్నాడు. ఇన్నేళ్లు దేశం కాని దేశంలో ఉన్నా వాడి మాట మారలేదు. దానికీ నాకు కోపమొచ్చింది. మారితే ఎగతాళి చేద్దామనుకున్నాను. "పాపన్న నువ్వేనని నాకు ముందే తెలుసురా. ట్యూబు మసి సంగతి నీకూ నాకూ తప్ప ఎవురికి తెలుసు?"

"తెలిసి యాల గమ్మునుండావురా?"

"మొదుటిది సదివే వచ్చినావనుకున్యా. నేరుగా తిట్టేకి మనసొప్పక పేరు మార్చుకొని తిరగతాండావు, ఒగ పొద్దు నువ్వే చెప్తావులే అనుకున్యా. కడాకు దొంగా అన్నావు. సరే, నీ తీర్పు ఇదే అని బ్లాగు మూసేసినా."

"నేను సదవలేదురా! కొత్తది రాస్తే పాతది పోతాదనుకున్యా. సున్నం కొట్టినట్ల."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నేనూ గోడలు రాసినోణ్ణే గదరా," అన్నాడు. "నువ్వట్ల అనుకుంటావని నాకు తోచకపాయె."

నిచ్చెన దిగి గోడ నీడలో కూర్చున్నాను. అడగకూడదనుకున్నది అడిగేశాను. "ఆ ఫొటో నన్ను అడిగింటే ఇచ్చేవాణ్ణి గదరా. యాల అడగలేదు?"

"కుళ్లురా," అన్నాడు. "ఆ పొద్దు నువ్వు కండ్లు దిద్దినంక గంగులప్ప నోట్లో బీడీ తీసి పారేసి, చేతులు కట్టుకొని నిలబడె. నా పనికి ఆయప్ప ఎప్పుడన్నా అట్ల నిలబడినాడా? ఈడ ఎంతమంది బాగుందన్నా ఆ పొద్దే గ్యాపకానికొస్తాది. నీ మీద కుళ్లు. ఈ పొద్దుటికీ పోలేదు."

నేను ఏడవాలి. కాకపోతే వాణ్ణి తిట్టాలి. కానీ ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. బొమ్మలు వేసి లోకాన్ని మెప్పించినవాడు, జర్మనీలో కూర్చుని, పురుగుమందు గోడలు రాసుకునే నన్ను తలుచుకుని ఇన్నేళ్లుగా కుళ్లుకుంటున్నాడు!

"ఏమన్నావు?" అన్నాను. "సరిగ్గా ఇనపడలే. మళ్లా జెప్పు."

ఫోన్‌లో సిగ్నలు నిండుగా ఉంది.

"నీ మీద కుళ్లురా మునీ!" అని వాడు గట్టిగా అరిచాడు.

ఇంకోసారి చెప్పించుకున్నాను.