కుడి అరికాలు

ఉషారాణి షీట్లో ఖాళీ గడి ఉండదని మా వార్డులో నాకో పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టం, ఆ సంగతి దాచుకోను కూడా. రాజమండ్రిలో మా ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల మీద ఒక పరిశోధన జరుగుతోంది, నేను అందులో నర్సుని. ఆ పిల్లల రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉండాలన్నది విషయం. తొంభై ఒకటికి తగ్గకూడదు, తొంభై అయిదు దాటకూడదు. తగ్గితే ప్రాణానికి ముప్పు. దాటితే ఆ లేత కళ్ళలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. బిడ్డ పాదానికి ప్రోబ్ అని ఎర్ర లైటున్న చిన్న పట్టీ చుడతాం, అంకె చెప్పేది అదే. దాన్ని విప్పితే లెక్కలో కాసేపు ఖాళీ వస్తుంది. అందుకని వేళ కాకుండా నేను విప్పను, ఎవరినీ విప్పనివ్వను.

నాగదుర్గ బిడ్డకి ఆ రోజు పన్నెండో రోజు. ఆవిడది నరసాపురం దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబం. అంతకు ముందు రెండు కాన్పులూ నిలవలేదు. వీడు ఇరవై తొమ్మిది వారాలకే పుట్టాడు, ముక్కు గొట్టంతో ఊపిరి అందిస్తున్నాం. నాగదుర్గ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. లోపలికి రమ్మంటే చేతులు కడుక్కుని వస్తుంది, వెళ్ళమంటే వెళ్తుంది.

ఆ పొద్దున తూకం వేస్తే వాడు నలభై గ్రాములు పెరిగాడు. నా నోరు ఊరుకోదు కదా. చూడండర్రా ఎంత ముద్దొస్తున్నాడో, వారం తిరక్కుండా పక్కనున్న వాళ్ళందరినీ దాటేస్తాడని వార్డంతా వినబడేలా పొగిడాను. మిగతా తల్లులు తలెత్తి చూశారు. నాగదుర్గ మొహం మాడిపోయింది. నేను షీటు తీసుకోవడానికి అటు తిరిగానో లేదో, ఆవిడ చిటికెన వేలితో తన కంటి కాటుక తీసి బిడ్డ కుడి అరికాలికి చుక్క పెట్టింది. ఓరకంట నేను చూశాను, నేను చూడడం ఆవిడా చూసింది.

మా వార్డులో కాటుక నిషేధం. ఈ విషయంలో నేను చీవాట్లు పెట్టని తల్లి లేదు. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు. దిష్టి తగిలితే ముందు తగిలేది నాదే కదా. పైగా మా అమ్మాయికి ఏడాది నిండేదాకా చుక్క పెట్టకుండా నేను గడప దాటించలేదు. అరికాలే కదా, పోనీలే అనుకున్నాను.

ఒకేచోట ఉంటే చర్మం కందుతుందని నాలుగు గంటలకోసారి ప్రోబ్‌ని ఒక పాదం నుంచి రెండో పాదానికి మారుస్తాం. పన్నెండింటికి మార్చింది నేనే. ఇంక్యుబేటరు కిటికీలోంచి చేయి పెట్టి, కళ్ళు గడియారం మీదే ఉంచి, ఎడమ పాదం నుంచి తీసి కుడి పాదానికి చుట్టాను, పైన మేజోడు తొడిగాను. చుక్క సంగతి పూర్తిగా మర్చిపోయాను.

పది నిమిషాలకి మిషన్ అరవడం మొదలుపెట్టింది. ఎనభై ఆరు. ఆక్సిజన్ పెంచాను. ఎనభై నాలుగు. డ్యూటీలో ఉన్న డాక్టర్ యుగంధర్ గారిని పిలిచాను. ఆయన ఇంకా పెంచారు, గుండె విన్నారు, గొట్టం సరిచేశారు. ఎనభై రెండు.

"ప్రోబ్ చూశారా?" అని అడిగారు.

"ఇప్పుడే నేనే మార్చానండి. బాగానే ఉంది," అన్నాను.

నా మాట మీద ఆయనకి అంత నమ్మకం. మళ్ళీ అడగలేదు. పన్నెండూ యాభైకి ఆక్సిజన్ అరవై శాతం దాకా వెళ్ళింది, మిషన్ మీద అంకె ఎనభైకి పడింది. ఇక ఆగకూడదు, నోట్లోంచి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెడదామన్నారు. ఆ లేత ఊపిరితిత్తులు వెంటిలేటర్ మీదకి వెళ్తే ఎన్నాళ్ళకి దిగుతాయో, అసలు దిగుతాయో లేదో ఎవరం చెప్పలేం. నాగదుర్గ చేత సంతకం పెట్టించుకు రమ్మని ఒక సిస్టర్‌ని పంపారు. నేను ట్యూబు కవరు చింపుతున్నాను. వాడి పెదవులు మాత్రం గులాబీ రంగులో ఉన్నాయి. ఎనభై ఉన్న బిడ్డ పెదవులు అలా ఉండవు. అది చూస్తూ కూడా నేను అంకెనే నమ్మాను.

అద్దం అవతల నాగదుర్గ సంతకం పెట్టి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. కాటుక చెంప దాకా పాకింది.

పొద్దుటి చుక్క అప్పుడు గుర్తొచ్చింది. కవరు పడేసి మేజోడు లాగాను, ప్రోబ్ విప్పాను. అరికాలి మీద నల్లటి చుక్క. సరిగ్గా లైటు పడే చోటే. లైటుకి నలుపు అడ్డొస్తే ప్రోబ్ తప్పు అంకె చూపిస్తుంది. ప్రోబ్‌ని తుడిచి వాడి చేతికి చుట్టాను. అంకె రావడానికి పది సెకన్లు పట్టింది.

తొంభై తొమ్మిది.

పక్క సిస్టర్ హమ్మయ్య అంది. యుగంధర్ గారు అనలేదు. చకచకా ఆక్సిజన్ తగ్గించడం మొదలుపెట్టారు. వాడికి ఏ లోటూ లేదు. నలభై నిమిషాలుగా అక్కర్లేని ఆక్సిజన్ పోశాం, కళ్ళకి ఏది పడకూడదని ఈ పరిశోధనంతా చేస్తున్నామో సరిగ్గా అదే. అంకె తొంభై నాలుగు మీద నిలిచాక ఆయన తలెత్తారు. నాగదుర్గని లోపలికి పిలిపించి, దీనివల్ల బిడ్డకి అక్కర్లేని ఆక్సిజన్ ఎక్కింది, కళ్ళకి ముప్పని చెప్పి, ఈ కాటుక ఎవరు పెట్టారని అడిగారు.

"నేనేనండి," అంది నాగదుర్గ. వెంటనే ఇంకో మాట కలిపింది. "సిస్టరు గారికి తెలీదండి. ఆవిడ చూడకుండా పెట్టేశాను."

ఆవిడ నా వైపు చూడలేదు. పొద్దున మా ఇద్దరి చూపులూ కలిశాయి. నేను చూశానని ఆవిడకి తెలుసు. ఇకనుంచి తల్లులెవరూ లోపలికి రావడానికి లేదని యుగంధర్ గారు అంటున్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, నా పేరు నాకు మిగులుతుంది. సిగ్గుచేటు, ఒక్క క్షణం మూసుకున్నాను కూడా.

"నాకు తెలుసండి," అన్నాను. "పెడుతుంటే చూశాను. ఆ కాలికి ప్రోబ్ చుట్టిందీ నేనే, బాగుందని మీకు చెప్పిందీ నేనే. ఈ పిల్లని ఏమీ అనకండి."

యుగంధర్ గారు బిడ్డ షీటు తీసి అందులో నా మాట రాసుకున్నారు. తర్వాత మెల్లగా, రేపటి నుంచి ఈ బిడ్డని వేరేవాళ్ళు చూస్తారని అన్నారు. సరేనన్నాను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

నాగదుర్గ మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"కళ్ళు పోతాయాండీ?" అని అడిగింది. అడిగింది డాక్టరు గారిని కాదు, నన్ను.

ఏం కాదమ్మా అనడం అలవాటు మాకు. రోజుకి ఇరవైసార్లు అంటాం. ఆ మాట గొంతు దాకా వచ్చింది, మింగేశాను.

"తెలీదమ్మా. మూడు వారాలయ్యాక కళ్ళ డాక్టరు గారు చూస్తారు. అప్పటిదాకా ఎవరికీ తెలీదు."

ఆవిడ బిడ్డ వైపు చూసింది. వాడు నిద్రపోతున్నాడు. ఆవిడ ఏడవలేదు.

"అయితే ఆ మూడు వారాలూ ఈ సిస్టరు గారే చూడాలండి," అంది యుగంధర్ గారితో. "ఇంకెవరినీ నేను నమ్మను."