చిటికెనవేలు, ఎంటర్

"మళ్లీ ఇంటికే పోయింది మేడం," అంది ఆమె ఫోన్లో తన టీమ్ లీడ్‌తో. ఇది ఆరోసారి.

పోయింది ఆమె కాదు, కోడు రాసే ఎడిటరు. ఆ నల్లటి తెర మీద సీడీ అనే కమాండు కొట్టి, పక్కన ఫోల్డరు దారి రాసి ఎంటర్ నొక్కితే అది ఆ ఫోల్డరులోకి వెళ్లాలి. దారి రాయకుండా ఉత్త సీడీ కొడితే మాత్రం తిన్నగా హోమ్ అనే మొదటి ఫోల్డరులోకి వెళ్లి కూర్చుంటుంది. ఆమె దారి రాస్తూనే ఉంది, అది హోమ్‌కి పోతూనే ఉంది. పైగా వెళ్లిన ప్రతిసారీ తెరిచి ఉన్న ఫైల్లో నాలుగు వరుసలు చెడిపోతున్నాయి. సరిచేసిన కోడు పదకొండింటికల్లా అందకపోతే ప్రాజెక్టులోంచి తీసేస్తామని మేనేజరు మెయిలు పెట్టాడు. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇక ఆ ఇంట్లో ఆమె నోరెత్తలేదు. మొగుడికి కావలసిందీ అదే.

మొన్న సాయంత్రం ఆయనగారు కాఫీ అడిగారు. "రెండు నిమిషాలండీ, మీటింగులో ఉన్నా," అంది. "నీ మొహానికి మీటింగు కూడానా," అంటూ ఆమె చేతులు కీబోర్డు మీద ఉండగానే లాప్‌టాప్ మూత దబీమని మూశాడు. మూసి ఊరుకోలేదు, రెండు చేతులతో అదిమాడు. చిటికెనవేలు ఫటుక్కుమనడం ఇద్దరికీ వినిపించింది. అయినా ఆ మహానుభావుడు చెయ్యి తీయలేదు. ఆమె భుజంతో నెట్టబోతే జుట్టు పట్టుకుని నుదురు బల్ల అంచుకేసి కొట్టాడు. అత్తగారు తొంగిచూసి, "నెమ్మదిరా, పక్కింటివాళ్లు వింటారు," అని తన మానాన తను వెళ్లిపోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నవ్వడానికి ఈమెకి తోడికోడలు కూడా లేదు. ఆస్పత్రిలో డాక్టరు ఆమెని అడిగితే జవాబు ఆయన చెప్పాడు: "తలుపు సందులో పెట్టుకుందండీ, ఎప్పుడూ పరధ్యానమే." ఆమె తలూపింది. అలా తలూపినందుకు తన మీద తనకే అసహ్యంగా ఉంది. అదే మూత కింద ఆయన పది వేళ్లూ పెట్టించి, ఎక్కి తొక్కాలని ఉంది. పొద్దున్న పళ్లు తోముకుంటూ కూడా అదే ఆలోచించింది, నురగలో నెత్తురు కనబడేదాకా తోముకుంది.

"స్క్రీను నాకు కనబడేలా పెట్టి, మెల్లిగా కొట్టు," అంది టీమ్ లీడ్. ఆమె కొట్టింది.

"ఆగాగు. దారిలో మొదటి అక్షరం పి దగ్గరికి వచ్చేసరికి ఎంటర్ పడిపోతోంది. దారి లేని సీడీ అయి హోమ్‌కి పోతోంది. నువ్వు కొట్టే మిగతా అక్షరాలేమో ఫైలు మీద పడి చెడగొడుతున్నాయి. ఎడిటర్లో ఏ తప్పూ లేదమ్మా."

ఆమె కుడిచెయ్యి చూసుకుంది. చిటికెనవేలినీ ఉంగరపువేలినీ కలిపి కట్టిన కట్టు లావుగా, మొద్దులా ఉంది. పి కోసం చాచినప్పుడల్లా అది ఎంటర్‌కి తగులుతోంది. తగిలినట్టు తెలియడానికి వేళ్లకి స్పర్శ ఉంటే కదా. పక్కగదిలో కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి ఆమెని ఆరుసార్లు ఇంటికి తోలాడన్నమాట.

కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం కొట్టింది. ఫోల్డరు దొరికింది. చెడినవన్నీ వెనక్కి తెచ్చి, సరిచేసి, పదకొండుకి ఎనిమిది నిమిషాల ముందు పంపింది.

"అందింది. ప్రాజెక్టు ఎక్కడికీ పోదు," అంది లీడ్. "ఇందాక పి కొట్టలేకపోయావు, నీ కుడిచేతికి ఏమైంది?" అని అడిగింది.

ఫోను స్పీకర్లో ఉంది. ఆయన ఎప్పుడొచ్చాడో, బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. మూత మీద చెయ్యి వేసి, "తలుపని చెప్పు," అన్నాడు పళ్ల మధ్యనుంచి. ఆమె లాప్‌టాప్ వదిలేసి ఫోను అందుకుంది. ఆయన ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె మోచెయ్యి వెనక్కి విసిరింది. అది ఆయన ముక్కు మీద పడింది, పట్టు జారింది. తొమ్మిదేళ్లుగా ఆయన, ఆయన అంటూ వచ్చిన నోరు ఆమెది.

"తలుపు కాదు మేడం, వీడు విరిచాడు. నేను గుమ్మం దాటేదాకా మీరు ఫోను పెట్టెయ్యకండి."